పైపెట్టె బరువు

సోమవారం

నా డాబా మెట్ల నుంచి వెలి అయిన మనవరాలికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితోపాటు మీ పశువైద్య కళాశాలవారు అచ్చు వేయించిన ఫారమూ కాంపౌండరు చేత అందాయి. మీ ఆస్పత్రిలో పనిచేస్తూ మా వీధి చివర కాపురముండే ఆ ఒక్క మనిషి లేకపోతే, రైలుకట్టకు అటున్న నువ్వూ ఇటున్న నేనూ ఏనాడో టెలిఫోనుకు అలవాటుపడి చెడిపోయి ఉండేవాళ్లం. ఫోనులో అన్న మాటను మర్నాడు అనలేదనవచ్చు. కాగితం అలా ఒప్పుకోదు.

నిన్ను మెట్లెక్కవద్దన్నది కోపంతో కాదని మరోసారి మనవి. తేనెటీగ కుట్టబోతూ తోటివాళ్లను సాయం పిలవడానికి వదిలే వాసన అచ్చం అరటిపండు వాసనలా ఉంటుందని నీకు పదిసార్లు చెప్పాను. పశువైద్యం చివరి సంవత్సరం చదువుతున్న పిల్ల అరటిపండు తింటూ వచ్చి పెట్టె మూత తీసింది. ఫలితంగా పక్కింటి పళ్ల డాక్టరు, వృత్తిలో చేరాక మొదటిసారి, తన నోరే తెరవలేక రోగులను తిప్పి పంపాడు. ఆ రోజే మీ అమ్మ షరతు పెట్టింది. నా ఈగల వల్ల వీధిలో మళ్లీ గొడవ జరిగినా, పెట్టెలోంచి గుంపు లేచి బయట ఎక్కడైనా వాలినా, రెండు పెట్టెలూ ఎవరికైనా ఇచ్చేసి నేను ఊరికే కూర్చోవాలట. నేను ఒప్పుకున్నాను. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఊరికే కూర్చోవడం కొత్తగా నేర్చుకునే ఓపిక నాకు లేదు కాబట్టి, నువ్వు తేనెటీగల పరీక్ష పాసయ్యేదాకా మెట్ల కిందే ఉండు.

మీ ఫారం గేదెల కోసం తయారైనదని మొదటి ప్రశ్నకే తెలిసింది. అయినా విద్యాసంస్థ అడిగినదానికి జవాబు ఎగ్గొట్టడం, ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదానికి తగదు. తూర్పు పెట్టె వివరాలతో ఖాళీ లేకుండా నింపాను. జంతువుల సంఖ్య ముప్పై వేలు. అది ఉదయం లెక్క, మధ్యాహ్నానికి మారుతుంది. చెవి బిళ్ల నంబరు అడిగారు, చెవి దొరకలేదు. చూలుతో ఉన్నదా అన్నచోట, గుడ్లు పెట్టేది ఒక్కతే, రోజుకు వెయ్యికి పైగా పెడుతుంది, మిగిలిన ఆడవన్నీ ఇంటిపనిలో ఉన్నాయి అని రాశాను. మగవి మూడు వందలు. చేసే పని అన్న గడిలో అడ్డగీత పెట్టాను. కట్టేసి పెంచుతారా అంటే వదిలేసే పెంచుతామని, చీకటి పడకముందే పిలవకుండా ఇల్లు చేరతాయని, ఆ విషయంలో మన కుటుంబంలో కొందరికంటే మెరుగని రాశాను. స్వభావం దగ్గర పొడుచును, తన్నును, కరుచును అని మూడే ఉన్నాయి. నాలుగోది నేను చేర్చాను.

ఆరోగ్యం సంగతి. మూడు రోజుల వాన నిన్న వెలిసింది. వెలిసిన గంటలోపే పళ్ల డాక్టరు ఆరేసిన తెల్లకోట్ల మీద పసుపు చుక్కలు పడ్డాయి. మొత్తం ఆరు కోట్లు. ఆయన గోడమీదుగా ఎత్తి చూపించాడు. నేను చూశాను.

ఇట్లు,
రెండు పెట్టెల యజమానురాలు

తా.క. రోజుకు ఎన్ని లీటర్ల పాలు అన్నదానికి "ఇంతవరకు దూడ అడగలేదు" అని రాశాను. చదివేటప్పుడు మీ ప్రొఫెసరుగారి ముఖం ఎలా ఉందో తెలియజేయి.

—

బుధవారం

మెట్ల కింద నుంచే దండం పెడుతూ అమ్మమ్మకి,

ప్రొఫెసరుగారు నవ్వలేదు. దూడ దగ్గరికి రాగానే కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఈవిడ ఎవరమ్మా" అన్నారు. తెలిసినావిడ అని ఊరుకున్నాను.

నా అవస్థ విను. నెలాఖరు శుక్రవారం బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తున్నాడు. అందరూ తలా ఒక తేనెపెట్టె కేసు చెప్పాలి. జబ్బుండాలి, లక్షణాలుండాలి, వైద్యముండాలి. నా పక్కగది అమ్మాయికి పిల్ల ఈగలు కుళ్లిపోయే జబ్బు దొరికింది, నెలంతా నవ్వుతూ తిరుగుతోంది. నాకేమో దిక్కూ దివాణం లేదు. అలాంటి సమయంలో పసుపు చుక్కలని రాశావు చూడు, ప్రాణం లేచొచ్చింది. ఇది ముమ్మాటికీ విరేచనాల జబ్బు. జబ్బుపడ్డవాటిని మిగతావాటి నుంచి విడదీసి వేరే కొట్టంలో పెట్టు. మూడు రోజులు గుమ్మం మూసేసి ఎవరినీ బయటికి పంపకు. నీళ్లు బాగా తాగించు. ప్రతిదానికీ పూటపూటా ఉష్ణోగ్రత చూసి రాసి ఉంచు.

ఇంకోటి. రాణీగ వీపు మీద రంగుచుక్క పెట్టాలట. ఏ ఏడు పుట్టిన రాణికి ఏ రంగో లెక్క ఉంది, తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మళ్లీ మొదటికి. ఎవరు చూసినా రాణి వయసు తెలిసిపోతుంది. రంగుపెన్ను పంపుతున్నాను.

నీ ముద్దుల,
కాబోయే డాక్టరు

తా.క. ఉష్ణోగ్రత మాట కొట్టేయి. మా ఆస్పత్రి థర్మామీటరు ఎక్కడ పెడతారో గుర్తొచ్చింది.

—

శనివారం

కాబోయే డాక్టరు గారికి,

ఆశీస్సులు. నీ వైద్యం అమలు చేసి ఉంటే ముప్పై వేల ప్రాణాలు గుమ్మం మూసిన పెట్టెలో ఉడికిపోయేవి. అప్పుడు నీకు కేసు దొరికేది. ముద్దాయి కూడా దొరికేది.

తేనెటీగ తన ఇంట్లో మలవిసర్జన చేయదు. మూడు రోజులు వాన కురిస్తే మూడు రోజులూ ఆపుకుంటుంది. వాన వెలిసినప్పుడు పళ్ల డాక్టరు కోట్లు ఆరేసి ఉండటం దాని తప్పు కాదు. చుక్కలు పెట్టె ముఖం మీద, లోపలి తేనెపట్ల మీద కనిపిస్తే అప్పుడు జబ్బేమోనని భయపడాలి. నేను అదే రోజు పెట్టె విప్పి చూశాను. తూర్పు పెట్టెలో పట్టు కట్టుకునే పది ఫ్రేములకు ఏడింటిలో ఎదిగే పిల్ల ఉంది. గదుల మూతలు బిస్కెట్టు రంగులో, కాస్త ఉబ్బుగా, వరుస తప్పకుండా ఉన్నాయి. గుంటపడ్డ మూత గాని, చిల్లిపడ్డ మూత గాని ఒక్కటీ లేదు. పుల్ల వాసన లేదు. పైపెట్టె, అంటే తేనె నిలవచేసుకునే అర, మూడొంతులు నిండింది; పదిహేను కిలోలకు తగ్గదు. ఇన్ని రాసింది గొప్ప కోసం కాదు. రోగి గురించి రాసేటప్పుడు లోపల చూసినది రాయాలని తెలియజేయడానికి.

లోపల చూసేముందు మరొకటి ఉంది. మూత తీయకముందే ఐదు నిమిషాలు పక్కకు నిలబడి గుమ్మం చదవాలి. ఎవరు వస్తున్నారు, ఏం తెస్తున్నారు, ఎవరు పోట్లాడుతున్నారు, ఎవరు ఊరికే నిలబడ్డారు. రోగం దాచుకునేవాళ్లు కూడా గుమ్మం దగ్గర దొరికిపోతారు.

రంగుపెన్ను తిప్పి పంపుతున్నాను. అది రాకముందే రాణికి చుక్క పెట్టేశాను. ఏ రంగన్నది నీ జాబితాలో లేదు. నా రాణి, నా రంగు. దాని వయసు నాకు తెలుసు, పరాయివాళ్లకు తెలియనవసరం లేదు. నా వయసు విషయంలోనూ నా పద్ధతి అదే.

ఇట్లు,
ఇంకా వైద్యం అవసరంపడని అమ్మమ్మ

తా.క. మేడ గదిలో నువ్వు బడి రోజుల్లో దాచుకున్న రేకు డబ్బా తెరిచాను. అందులో ఒక వస్తువు ఇన్నేళ్లకు సద్వినియోగమైంది. అడగవద్దు.

—

మంగళవారం

సిగ్గుతో తల వంచుకుని అమ్మమ్మకి,

చుక్కల సంగతి క్లాసులో నాకంటే ముందు ఇంకొకడు చెప్పి తిట్లు తిన్నాడు. నేను నోరు మూసుకుని బతికిపోయాను, నీ పుణ్యం.

ఇప్పుడు గోమార్ల సంగతి. పశువులకు పట్టినట్టే ఈగలకీ రక్తం పీల్చే ఒక ఎర్రటి గోమారి పడుతుంది. పరీక్ష తేలిక. పిల్ల ఉన్న ఫ్రేము మీంచి సగం గ్లాసుడు ఈగల్ని జల్లెడ మూత ఉన్న సీసాలోకి దులపాలి, మూడు వందలదాకా వస్తాయి. రాణి ఆ ఫ్రేము మీద లేదని ముందే చూసుకోవాలి. పంచదార పొడి రెండు చెంచాలు వేసి దొర్లించి, తెల్లకాగితం మీద దులిపితే గోమార్లు రాలతాయి. తొమ్మిది దాటితే వైద్యం చెయ్యాలి. ఈగలు చావవు, పిండిమరలో పనిచేసి వచ్చినట్టు తెల్లగా ఇంటికి పోతాయి, మిగతావి వాటిని నాకి శుభ్రం చేస్తాయి. ఎన్ని రాలాయో రాయి. నా కేసుకి అదైనా పనికొస్తుందేమో.

ప్రేమతో,
తిట్లు తప్పించుకున్న మనవరాలు

తా.క. తొమ్మిది దాటాలని నేను కోరుకోవడం లేదు. పది అయితే చాలు.

—

ఆదివారం

నా ఈగలకు గోమార్లు పట్టాలని ఆశపడుతున్న మనవరాలికి,

ఆశీస్సులు. ఈ వారం ఇంట్లో పంచదార పొడి లేదు. వచ్చే వారం చూద్దాం.

పెట్టెలు దివ్యంగా ఉన్నాయి. ఉదయం తొమ్మిదింటికి వచ్చేవాటి కాళ్లకు పసుపు పుప్పొడి, పదకొండుకు బూడిదరంగు, మూడు దాటాక నారింజ. మధ్యాహ్నం రెండింటికి మగ ఈగలు భోజనం చేసి, పెళ్లిచూపులకు బయల్దేరినట్టు గోల చేస్తూ వెళతాయి. గంటకు, ఎవరూ నచ్చనట్టు ముఖం పెట్టుకుని తిరిగొస్తాయి. నిజానికి నచ్చనిది ఎవరికో మనం అడగకూడదు. సాయంకాలం తూర్పు పెట్టె గుమ్మం కింద ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డంలా వేలాడుతున్నాయి. జానెడు గడ్డం. చూడముచ్చటగా ఉంది. గుమ్మం చూస్తే లోపలి సంగతి తెలుస్తుందని నీకు చెప్పనే చెప్పాను.

మీ అమ్మ గురువారం వచ్చింది. కూర్చున్నంతసేపూ డాబా మెట్లవైపు, నా మోకాలివైపు మార్చి మార్చి చూసింది. మోకాలు ఎలా ఉందమ్మా అంది. రెండూ ఉన్నాయన్నాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. కాంపౌండరు మంచివాడే గాని అడగని సాయాలు చేయబోతాడు. అతనికి ఇంజక్షను చేసే చేతులు ఉండవచ్చు. పెట్టె ఎత్తే చేతులు వేరు.

—

బుధవారం

అమ్మమ్మకి,

గడ్డం సంగతి చదివి నాకు కంగారుగా ఉంది. ఈగలు ఎగరకుండా గుమ్మం దగ్గర వేలాడుతున్నాయంటే పక్షవాతం కావచ్చని మా పుస్తకంలో ఉంది. దాని మీద కరపత్రం పంపుతున్నాను. గుర్రాలది వచ్చిందేమో చూసుకో, రెండూ ఒకే బీరువాలో ఉంటాయి. లేకపోతే లోపల చోటు చాలక బయట కూర్చుంటున్నాయా? పైపెట్టె నిండిపోయి ఉంటే దాన్ని దించి, ఖాళీది పెట్టి చోటివ్వాలి కదా. చివరిసారి ఎప్పుడు విప్పావు? ఫ్రేముల అడుగు అంచున వేరుశనక్కాయల్లా రాణి గదులేమైనా వేలాడుతున్నాయా? అలా కడితే పాత రాణి సగం సంసారాన్ని తీసుకుని లేచిపోతుందని నువ్వే కదా చెప్పావు.

కాంపౌండరు పైపెట్టె దించుతానంటే మంచినీళ్లిచ్చి పంపేశావట. రెండు గ్లాసులిచ్చిందండీ, చాలా మర్యాదగా పంపేసిందండీ అని అందరికీ చెబుతున్నాడు.

నీ మనవరాలు

తా.క. పంచదార పొడి పంపుతున్నాను. ఇంట్లో లేదన్నావుగా.

—

శుక్రవారం

మనవరాలికి,

ఎవరికీ పక్షవాతం లేదు. కరపత్రం గుర్రాలదే. చదివాను, బాగుంది.

మంగళవారం మధ్యాహ్నం నుంచి గుమ్మం దగ్గర రద్దీ తగ్గింది. గడ్డం లేదు. ఎంతో ప్రశాంతంగా ఉంది. ఇంతకంటే రాయవలసినది లేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. నా బరువులు నేను మోసుకోవడం కొత్త కాదు. నన్ను ఎత్తుకుని తిరిగినవారు మా నాన్నగారొక్కరే. అదీ రెండేళ్లు నిండేదాకా.

—

సోమవారం

అమ్మమ్మకి శతకోటి నమస్కారాలు,

అమ్మమ్మా, నా రాత మారిపోయింది. కేసు దొరికింది. అలాంటిలాంటిది కాదు, ప్రపంచంలో ఎవరూ చూడని జబ్బు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, మేం ఎద్దు కాలికి కట్టు కడుతుంటే, రైలుకట్ట వైపు నుంచి రొదలాంటిది వచ్చింది. చూస్తుండగానే పెద్ద తేనెటీగల గుంపు ఆపరేషన్ గది కిటికీ ఊచలకు గుమ్మడికాయంత వేలాడింది. అందరూ పరిగెత్తారు. ఎద్దు, నేను మిగిలాం. ఎద్దంటే కట్టేసి ఉంది. నేను గ్లూకోజు సీసాల అట్టపెట్టె కింద పెట్టి, ఊచల మీద ఒక్క దెబ్బ కొట్టి మొత్తం పట్టేశాను. గుంపుగా లేచినప్పుడు కడుపునిండా తేనె తాగి ఉంటాయి, కాపాడుకోవడానికి ఇల్లు లేదు, కుట్టబుద్ధి కాదు అని నువ్వు చెప్పింది గుర్తుంది. ఒక్కటీ కుట్టలేదు.

రాణిని చూశాను. వీపు మీద గుండ్రంగా, బంగారు రంగులో, తళతళ మెరిసే మచ్చ. ఏ పుస్తకంలోనూ లేదు. దీనికి స్వర్ణబిందు వ్యాధి అని పేరు పెట్టాను. ఈ శుక్రవారమే పరీక్ష, పరీక్షకుడి ముందు చెప్పబోతున్నాను.

ఒకటే బాధ. తెలియని అంటువ్యాధి అయితే అదే సాయంత్రం గుంపుని పెట్టెతో సహా కాల్చేయాలని నిబంధన. పాపం, రాణి చాలా హుందాగా నడుస్తోంది. ఎవరి పెట్టెలోంచి లేచిందో తెలిస్తే అడిగి ఉండేవాళ్లం. ఎవరూ తమదని రావడం లేదు. గుంపు లేపుకునేంత నిర్లక్ష్యం ఎవరికుంటుందో. నీలాంటి వాళ్ల దగ్గరైతే జరిగేది కాదు.

తొందరలో,
స్వర్ణబిందు వ్యాధిని కనిపెట్టిన నీ మనవరాలు

తా.క. ఆ మచ్చని తడిదూదితో తుడిచినా పోవడం లేదు. మొండి జబ్బు.

—

బుధవారం, ఉదయం

చిరంజీవికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించాను. మూడోసారి రాస్తున్నాను, కనుక దస్తూరి బాగుంటుంది.

నువ్వు కనిపెట్టినది జబ్బు కాదు. గోళ్లరంగు. నువ్వు తొమ్మిదో తరగతిలో బడి వార్షికోత్సవానికి వేసుకుని, నా చేత మాటలు పడి, రేకు డబ్బాలో దాచిన బంగారు తళుకుల సీసా. అగ్గిపుల్ల కొసతో పెట్టాను. దాన్ని తుడిచే మందు దయచేసి వాడవద్దు. గోళ్లకు మంచిదే గాని రాణి చచ్చిపోతుంది. ఆమెకు ఏ వ్యాధీ లేదు. వయసు రెండో ఏడు. హుందాగా నడుస్తోందన్నావు. అది పుట్టుకతో వచ్చింది.

గుంపు నాది. తూర్పు పెట్టెలోంచి మంగళవారం పదకొండున్నరకు లేచింది. పక్కింటి వేపకొమ్మ మీద రెండు గంటలకు పైగా కూర్చుంది. నేను కింద నిలబడి చూస్తూ ఉండిపోయాను. తరువాత రైలుకట్ట దాటి వెళ్లింది.

నీకు లోపల చూసినది రాయాలని చెప్పిన నేను, మూడు వారాలుగా లోపల చూడలేదు. పంచదార పొడి ఇంట్లో ఉంది. పైపెట్టె ఎత్తలేకపోయాను. మొదటి వారం నెపం నడుము మీద, రెండో వారం వాతావరణం మీద వేశాను. మూడో వారం వేయడానికి ఏమీ దొరకలేదు. అది పదిహేను నుంచి ఇరవై కిలోలు అయి ఉంటుంది. నా బలం ఎప్పటిలాగే ఉందనుకున్నాను, లేదు. అది నిండుతూ పోయింది, లోపల చోటు లేకపోయింది, వాళ్లు చేయవలసినది వాళ్లు చేశారు. నిర్లక్ష్యం అని రాశావు. ఆ మాట సరైనదే. గర్వం అని రాసి ఉంటే ఇంకా సరిపోయేది.

పరీక్షకుడి ముందు లేచి గోళ్లరంగుకు వ్యాధి పేరు చెప్పకు. రాణిని కాల్చనివ్వకు. ఈ రెండు పనులూ ఆపడానికి నా పేరు చెప్పవలసివస్తే చెప్పు.

మీ అమ్మకు ఇచ్చిన మాట ప్రకారం ఆమెకు కూడా అంతా రాశాను. అంటించిన ఆ కవరు దీనితోనే కాంపౌండరుకు ఇస్తున్నాను, అందజేస్తాడు. పెట్టెలు ఎవరికివ్వాలో ఆలోచిస్తున్నాను. పడమటి పెట్టెకు కోపమెక్కువ. తీసుకునేవారికి ముందే చెప్పాలి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఆ రంగు వేసుకున్ననాడు నీ గోళ్లను చూసి కంసాలి కొట్టు తెరిచావా అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. చాలా మంచి రంగు. ఇన్నేళ్లయినా పెచ్చు లేవలేదు.

—

శుక్రవారం, సాయంత్రం

మెట్లెక్కే అర్హత సంపాదించిన మనవరాలి నుంచి అమ్మమ్మకి,

పాసయ్యాను. క్లాసులో రెండోదాన్ని. కుళ్లు జబ్బు అమ్మాయి మొదటిది, దాని అదృష్టం.

ముందు తప్పు ఒప్పుకుంటాను. గుంపుని కాల్చే నిబంధన అబద్ధం. అది లేకపోతే నువ్వు రాయవు. స్వర్ణబిందు వ్యాధి కూడా అబద్ధమే. అట్టపెట్టెలో రాణి కనిపించగానే నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. ఆ రంగు సీసా కోసం నేను ఇంట్లో నాలుగు రోజులు ఏడ్చాను, మర్చిపోతానా? మర్నాటి ఉత్తరంలో అన్ని ప్రశ్నలు అడిగింది, నువ్వే చెబుతావేమోనని.

కాని అంతకుముందే నాకు అనుమానం. నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని చదివాను. మొదట్లో ఏడు ఫ్రేములు, మూతల రంగు, పైపెట్టె కిలోలు. ఆ తర్వాత పుప్పొడి, మగ ఈగల పెళ్లిచూపులు, గడ్డం. అన్నీ గుమ్మం దగ్గర నిలబడితే కనిపించేవే. ఒక్క ఫ్రేము మాట లేదు. రోగం దాచుకునేవాళ్లు గుమ్మం దగ్గర దొరికిపోతారని రాసింది ఎవరు? పంచదార పొడి లేదన్నావు. మన ఇంట్లో ఉప్పైనా నిండుకుంటుంది గాని పంచదార నిండుకోగా నేను చూడలేదు.

అదే నా కేసు. పరీక్షకుడు జబ్బేమిటి అన్నాడు. ఈ గుంపులో ఏ జబ్బూ లేదండీ, గోమార్లు మూడే రాలాయి, వీటి యజమాని పైపెట్టె ఎత్తలేకపోయారు, ఎవరినీ అడగలేకపోయారు, అందువల్ల చోటు చాలక లేచాయి అన్నాను. ఎలా తెలుసు అన్నాడు. పెట్టె విప్పకుండా గుమ్మం చదివానన్నాను. మరి వైద్యం? ఆదివారం ఆదివారం ఒక మనిషి వెళ్లి పెట్టె ఎత్తడం అన్నాను. ఆయన రాసుకున్నాడు. యజమాని పేరు అడిగాడు. "రోగి పేరు చెప్పకూడదండీ" అన్నాను. ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, దూడ అడగలేదన్న ఆవిడేనా అని నెమ్మదిగా అడిగారు. నేను నవ్వాను.

అమ్మకి రాసిన కవరు కాంపౌండరు నాకే ఇచ్చాడు, రెండూ ఒకచోటికే అనుకున్నాడట. విప్పలేదు. దీనితో తిప్పి పంపుతున్నాను. ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. నేనైతే ఎవరికీ చెప్పను. ఎల్లుండి ఆదివారం సాయంత్రం నీ రాణిని, సంసారాన్ని అట్టపెట్టెలో తీసుకొస్తున్నాను. ఖాళీ పెట్టె ఒకటి సిద్ధం చెయ్యి. పైపెట్టె నేనెత్తుతాను.

నీ
డాక్టరు

తా.క. అరటిపండు తినను. మూడు రోజుల నుంచి మానేశాను.

—

శనివారం, సాయంత్రం

మా డాక్టరుకు,

అమ్మమ్మ ఆశీస్సులు. కాంపౌండరు స్కూటరు తాళం చెవి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు కనుక త్వరగా రాస్తున్నాను. మూడు గ్లాసుల నీళ్లు తాగాడు.

నన్ను మోసం చేశావు. దానిమీద కోపం రావాలి. ఇంతవరకు రాలేదు. వస్తే రాస్తాను.

నువ్వు తిప్పి పంపిన కవరు ఈ ఉదయం మీ అమ్మ చేతికి నేనే ఇచ్చాను. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఆమె నిలబడి చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. తరువాత డాబా మెట్లెక్కింది. పెట్టెలు దించి పంపేస్తుందనుకుని వెనకాలే వెళ్లాను. నెమ్మదిగా వెళ్లాను, మోకాలి వల్ల. నేను చేరేసరికి చీర కుచ్చిళ్లు దోపుకుని, కొక్కానికి ఉన్న నా ముసుగు తగిలించుకుని, పైపెట్టెను మంచినీళ్ల బిందె ఎత్తినట్టు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడ పెట్టమంటావు అంది. పిట్టగోడ చూపించాను. పెట్టింది.

"ఇరవై ఏళ్లుగా వస్తున్నాను" అంది. "ఒక్కసారి, ఇది పట్టుకోవే అన్నావా?"

అనలేదు. ఆలోచిస్తే, నిజంగానే అనలేదు. పెట్టెలు ఇచ్చేయమన్న షరతు ఎందుకు పెట్టావే అని అడిగాను. అలాగైనా నన్ను పిలుస్తావేమో అనుకున్నాను అంది. నువ్వు ఎవరి పోలికో ఇప్పుడు నాకు తెలిసింది.

తూర్పు పెట్టె లోపలంతా చూశాం. నాలుగు ఫ్రేముల అడుగున ఐదు రాణి గదులు వేలాడుతున్నాయి. ఒకదాని కొస గుండ్రంగా కొరికి ఉంది, కొత్త రాణి బయటికి వచ్చేసింది. గుంటపడ్డ మూతలు లేవు. మీ అమ్మ ప్రతి ఫ్రేమునూ ఎత్తి, ఇదేమిటి, అదేమిటి అని అడిగింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థిని లేదు. నువ్వు రేపు తెచ్చే గుంపు కోసం ఖాళీ పెట్టె కడిగి ఎండబెట్టింది కూడా ఆమే. ఆ మూడో పెట్టె తనదట. రెండు పెట్టెలు పోగొట్టుకోవడానికి సిద్ధపడినదాన్ని, సాయంత్రానికి మూడింటి మధ్య కూర్చున్నాను.

కనుక రేపు నువ్వు ఎత్తవలసిన బరువేమీ మిగల్లేదు. అయినా రా. మెట్లెక్కవచ్చు. ఎక్కేటప్పుడు నేను చెయ్యిస్తే పట్టుకో. నేను పడిపోకుండా పట్టుకున్నావని ఎవరితోనూ అనకు.

ఇట్లు,
మూడు పెట్టెల ఇంటి పెద్ద

తా.క. మీ అమ్మను ఒకటి ముక్కు మీద కుట్టింది. తప్పు ఈగది కాదు. చేతిసంచిలో అరటిపండు ఉంది.